చేతితో చేసిన జపాన్ క్యూసు: తయారీ నుంచి చివరి చుక్క దాకా

టీ కూజా చేతికి రాగానే మనం ముందు రంగు చూస్తాం, తర్వాత ఆకారం చూస్తాం. క్యూసు దగ్గర మాత్రం ఆ రెండూ ఆఖరున చూడాలి. పూజ గదిలో కొమ్ముచెంబు ఉంటుంది కదా, దానితో నీళ్ళు పోసి ఆపగానే ఒక చుక్క కొమ్ము కింద నుంచి జారి చెంబు పొట్ట మీదుగా కిందికి దిగుతుంది. మనం పట్టించుకోం, పైటతోనో తువ్వాలుతోనో తుడిచేస్తాం. జపాన్‌లో కూజాలు చేసే కుమ్మరులు ఆ ఒక్క చుక్క కోసం జీవితాలు ఖర్చుపెట్టారు. మంచి క్యూసు పోసేటప్పుడు కంటే పోయడం ఆపినప్పుడు తన పనితనం ఎక్కువగా చూపిస్తుంది.

నేను ఆరేళ్ళుగా రోజూ క్యూసు వాడుతున్నాను. మూడు కొన్నాను, ఒకటి పగలగొట్టాను. ఆ అనుభవంతో రాస్తున్నది ఇది.

ముందు పేర్లు తేల్చుకుందాం

క్యూసు అంటే ఆకు వేసి, వేడినీళ్ళు పోసి ఊరబెట్టే చిన్న కూజా. పొయ్యి మీద పెట్టేది కాదు. ఈ మాట మొదటే చెప్పడానికి కారణం ఉంది. మా ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన దాన్ని సరాసరి స్టవ్ మీద పెట్టబోయాడు. మంట తగిలితే పగులుతుంది, అంతే.

ఆన్‌లైన్‌లో 'జపనీస్ టీపాట్' అని వెతికితే నల్లటి పోత ఇనుము కూజాలు చాలా కనిపిస్తాయి. వాటిలో రెండు రకాలున్నాయి. తెత్సుబిన్ అనేది నీళ్ళు మరిగించే ఇనుప కెటిల్. దానిలాగే కనిపిస్తూ, లోపల ఎనామిల్ పూత ఉండి, స్టీలు జల్లెడతో వచ్చేది టీ ఊరబెట్టుకునే ఇనుప కూజా. ఈ రెండూ మట్టివి కావు, మనం మాట్లాడుకుంటున్నవీ కావు.

మట్టి క్యూసులను పిడిని బట్టి గుర్తుపట్టవచ్చు. కొమ్ముకు పక్కగా, దాదాపు 90 డిగ్రీల కోణంలో పొట్టి గొట్టంలాంటి పిడి ఉంటే అది యొకొదె. జపాన్ ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది ఇదే. కొమ్ముకు ఎదురుగా వెనక పిడి ఉంటే ఉషిరొదె, పైన వంపు పిడి ఉంటే ఉవదె. పిడే లేనిది హోహిన్. గ్యొకురోలాంటి ఖరీదైన ఆకును గోరువెచ్చని నీళ్ళలో ఊరబెడతారు కాబట్టి దానికి పిడి అక్కర్లేదు, చెయ్యి కాలదు. మొదటిసారి కొంటున్నవాళ్ళు యొకొదె తీసుకోండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

ఎడమచేతి వాటం వాళ్ళకు ఒక మాట. మామూలు యొకొదెను కుడిచేత్తో పట్టుకుంటే కొమ్ము ఎడమవైపుకు ఉంటుంది. ఎడమచేతి వాళ్ళ కోసం దీనికి అద్దంలో బొమ్మలా తిరగేసి చేసినవి విడిగా దొరుకుతాయి. అడిగి కొనండి.

ఆ ఊరు, ఆ మట్టి

క్యూసు అనగానే టీ తెలిసినవాళ్ళ నోట వచ్చే ఊరు తొకొనామె. నగోయాకు దక్షిణాన, ఐచి ప్రిఫెక్చర్‌లోని చిత ద్వీపకల్పంలో ఉంటుంది. 12వ శతాబ్దం నుంచీ అక్కడ ఆవాలు కాలుతూనే ఉన్నాయి. జపాన్‌లో 'ఆరు ప్రాచీన ఆవాలు' అని చెప్పుకునే ఊళ్ళలో ఇదొకటి. సెతో, ఎచిజెన్, షిగరాకి, తంబ, బిజెన్ మిగతా అయిదు. తొకొనామె మొదట్లో పెద్ద పెద్ద బానలు చేసింది, మెయిజీ చక్రవర్తి కాలంలో (1868-1912) డ్రైనేజీ మట్టిగొట్టాలు చేసింది. అక్కడి ఒక వీధిలో గోడకు ఆ పాత గొట్టాలే వరసగా పేర్చి ఉంటాయి. 1887లో కట్టిన మెట్ల ఆవం పది పొగగొట్టాలతో ఇప్పటికీ నిలబడి ఉంది. 1974 దాకా అందులో కుండలు కాల్చారు. నగోయా అంతర్జాతీయ విమానాశ్రయం కూడా ఈ ఊరి ముందు సముద్రాన్ని పూడ్చి కట్టిందే. అక్కడి నుంచి రైలెక్కితే తొకొనామె రెండో స్టేషను.

ఎర్ర క్యూసు ఇక్కడ పుట్టింది 19వ శతాబ్దం మధ్యలో. చైనాలో యీషింగ్ ఊరి ఎర్రమట్టి టీ కూజాలకు జపాన్ పండితుల్లో మోజు ఉండేది. అలాంటివి ఇక్కడే చేయాలని సుగియె జుమోన్ లాంటి కుమ్మరులు ప్రయత్నించి షుదెయ్ అనే ఎర్రమట్టిని సాధించారు. 1878లో చైనా నుంచి జిన్ షిహెంగ్ అనే ఆయనను పిలిపించి యీషింగ్ పద్ధతులు నేర్చుకున్నారు. ఆయన నేర్పింది మట్టిని పలకలుగా కొట్టి అతికించే పద్ధతి. తొకొనామె వాళ్ళు అది నేర్చుకున్నారు కానీ సారెను మాత్రం వదల్లేదు. ఆ సారె పనితనమే ఇప్పుడు ఆ ఊరి సంతకం. ఆ పనిలో మూడో తరం యమద జోజాన్ అనే కుమ్మరిని 1998లో జపాన్ ప్రభుత్వం 'సజీవ జాతీయ సంపద'గా గుర్తించింది.

ఎరుపు మట్టిలోని ఇనుము వల్ల వస్తుంది. మన జేగురుకు రంగు ఎక్కడి నుంచి వస్తుందో దీనికీ అక్కడి నుంచే. గాలి బాగా ఆడేలా కాలిస్తే ఎర్రగా వస్తుంది, గాలి అందకుండా పొగలో కాలిస్తే అదే మట్టి నల్లబడుతుంది. అసలైన షుదెయ్ వరిపొలాల అడుగున దొరికే మట్టి. దాన్ని నీళ్ళలో కలిపి, ఇసుక అడుక్కి దిగాక పైన మిగిలిన సన్నని బురదను తీసి ఆరబెడతారు. ఇది ఇప్పుడు అరుదు, ఖరీదు. మార్కెట్లో ఎక్కువగా ఉన్నది ఇనుప ఆక్సైడ్ కలిపి రంగు తెచ్చిన మట్టి. అది మోసమేమీ కాదు. టీ బాగానే ఉంటుంది. ఆ మట్టిని అసలు షుదెయ్ పేరుతో, అసలు షుదెయ్ ధరకు అమ్మితేనే మోసం.

మియె ప్రిఫెక్చర్ యొక్కాయిచిలో చేసే బాంకో క్యూసులు కూడా చాలా బాగుంటాయి. ఊదా కలిసిన గోధుమరంగులో, తక్కువ మెరుపుతో ఉంటాయి. నా రోజువారీ క్యూసు తొకొనామెది కాదు, బాంకోనే.

సారె మీద ఏం జరుగుతుంది

క్యూసు ఒక్క కుండ కాదు, అయిదు ముక్కలు. పొట్ట, మూత, కొమ్ము, పిడి, లోపలి జల్లెడ. సారె మీద పెద్ద మట్టి ముద్ద పెట్టి, దాని పైభాగం నుంచే ఒక్కొక్క ముక్కనూ లాగి, దారంతో కోసి పక్కన పెడతారు. పిడి కూడా సారె మీద లాగిన బోలు గొట్టమే. అందుకే బరువుండదు, త్వరగా వేడెక్కదు.

జల్లెడ దగ్గరే ఓపిక అంతా బయటపడుతుంది. చిన్న గుంటగరిటె బుర్రంత గుల్లను పలచగా చేసి, సగం ఆరాక దానికి ఒక్కొక్కటిగా సన్నని చిల్లులు పొడుస్తారు. మట్టి మరీ పచ్చిగా ఉంటే చిల్లు మూసుకుపోతుంది, మరీ ఆరిపోతే గుల్ల చిట్లుతుంది. కాల్చాక మట్టి కుంచించుకుపోతుంది, చిల్లులూ దానితోపాటు చిన్నవవుతాయి. ఆ లెక్క ముందే చేతిలో ఉండాలి. పొట్టకు కొమ్ము వచ్చేచోట కోసి, లోపల ఈ గుల్లను అతికించి, పైన కొమ్మును అతికిస్తారు. అన్నీ ఒకే తేమలో ఉండాలి. ఒకటి తడిగా, ఒకటి పొడిగా ఉంటే అతుకు ఆరేటప్పుడు బీటలిస్తుంది.

కొమ్ము చివర కోత పదునుగా ఉండాలి. అంచు గుండ్రంగా ఉంటే టీ దాన్ని పట్టుకుని కిందికి పాకుతుంది. పదునుగా ఉంటే పట్టు దొరకదు, తెగిపోతుంది. కొమ్ముచెంబు చుక్క రహస్యం ఇదే.

ఇక మూత. మామూలుగా గ్లేజు, అంటే గాజులాంటి పూత, వేసిన కూజాకు మూత పెట్టి కాలిస్తే రెండూ గాజులా కరిగి అతుక్కుపోతాయి. ఈ క్యూసులకు గ్లేజు ఉండదు కాబట్టి మూతను దాని స్థానంలోనే పెట్టి కాల్చవచ్చు. రెండూ కలిసి కుంచించుకుపోతాయి, కలిసే కాస్త వంకర తిరుగుతాయి. ఆవం నుంచి తీశాక మూతకూ అంచుకూ మధ్య సన్నని రాపిడి పొడి, నీళ్ళు వేసి, మూతను తిప్పుతూ రెండింటినీ ఒకదానితో ఒకటి అరగదీస్తారు. గరగరమనే చప్పుడు మెల్లగా మెత్తబడి ఆగిపోయేదాకా. అలా అరిగిన మూత ఆ కూజాకే సరిపోతుంది. అదే సైజు, అదే చేయి చేసిన పక్క కూజాకు కూడా సరిగ్గా కూర్చోదు.

కొందరు కుమ్మరులు పొట్ట మీద సముద్రపు నాచు చుట్టి కాలుస్తారు. నాచు కాలిపోయి, దానిలోని ఉప్పు వల్ల పోగుల గుర్తులు మట్టి మీద మిగులుతాయి. మొగకె అంటారు. చూడటానికి బాగుంటుంది, టీకి మాత్రం దానితో పని లేదు.

కొనేముందు చేత్తో చూడాల్సినవి

షాపులో అయితే ఇలా చేయండి. మూత పెట్టి వేలితో మెల్లగా తిప్పండి. గరుకుగా ఉండకూడదు, పట్టేయకూడదు, కదిపితే టకటకమని చప్పుడు రాకూడదు. ఒక చోట సాఫీగా, మరో చోట బిగుతుగా తిరుగుతుంటే అరగదీయడం సగంలో ఆపారన్నమాట.

తర్వాత నీళ్ళు పోసి చూడనిస్తారా అని అడగండి. మంచి షాపులో ఒప్పుకుంటారు. ముప్పావు వంతు నింపి, బొటనవేలు మూత మీద ఆన్చి, పిడిని మణికట్టుతో వంచండి. ధార ఒకే తీరున పడాలి. సగంలో చటుక్కున ఆపి కొమ్ము కిందికి చూడండి, తడి ఉందా అని. మళ్ళీ పోస్తూ మూత మీది చిన్న రంధ్రాన్ని వేలితో మూయండి. లోపలికి గాలి వెళ్ళదు కాబట్టి ధార ఆగిపోవాలి. ఆగకపోతే మూత పక్కల నుంచి గాలి దూరుతోందని అర్థం. మూతకు రంధ్రమే లేని కూజాలూ ఉంటాయి, వాటికి ఈ పరీక్ష వర్తించదు.

జపాన్ వాళ్ళు చేసి చూపించే ఇంకో విద్య ఉంది. మూత తీసి, ఖాళీ కూజాను పిడి కింద ఆనేలా నిటారుగా నిలబెడతారు. బరువు సమంగా ఉంటే పిడి మీద నిలబడుతుంది. నేను షాపులో కొనని వస్తువుతో ఆ పని చేయను. టెన్షన్ పడి చేసేదేమీ లేదు, చేత్తో ఎత్తితేనే బరువు ఎటు లాగుతోందో తెలిసిపోతుంది.

చేతితో చేసిందా, అచ్చులో పోసిందా? లోపల చూడండి. సారె మీద లాగిన కూజా లోపల వేళ్ళ గీతలు సన్నగా, గుండ్రంగా తిరుగుతుంటాయి. పలచని మట్టిని ప్లాస్టర్ అచ్చులో పోసి తీసినదానికి లోపల నున్నగా ఉంటుంది, ఒక్కోసారి నిలువుగా అచ్చు అతుకు జాడ ఉంటుంది. పిడి కిందనో, పొట్ట అడుగునో చేసినవాళ్ళ ముద్ర ఉందేమో చూడండి. పేరున్న కుమ్మరి పని అయితే ఆయన చేత్తో రాసి ముద్ర వేసిన చెక్కపెట్టె కూడా వస్తుంది. ఆ పెట్టె పారేయకండి.

జల్లెడ సంగతి మీరు తాగే ఆకును బట్టి. సెంచా అంటే జపాన్‌లో రోజూ తాగే గ్రీన్ టీ. ఎక్కువసేపు ఆవిరి పట్టిన సెంచా, అంటే ఫుకముషి, సగం పొడిలా ఉంటుంది. దానికి చిల్లులు బాగా సన్నగా ఉన్న మట్టి జల్లెడ కావాలి, లేదా స్టీలు వల. పెద్ద చిల్లుల కూజాలో వేస్తే రెండో వాయికే మూసుకుపోతుంది. నిండు ఆకు సెంచాకైతే మామూలు జల్లెడ చాలు.

సైజు విషయంలో మనవాళ్ళు తప్పకుండా పొరబడతారు. 250 మిల్లీలీటర్ల కూజాను చూసి 'ఇంత బుల్లిదా' అనుకుని 600ది కొంటారు. సెంచాను చిన్న కప్పుల్లో, రెండు మూడు వాయిలు తాగుతారు. ఇద్దరికి 250 హాయిగా సరిపోతుంది. పెద్ద కూజాలో అడుగున నీళ్ళు మిగిలిపోతే మిగతా రుచంతా చేదెక్కుతుంది.

నా మొదటి క్యూసు ఆన్‌లైన్‌లో కొన్నదే. 'హ్యాండ్‌మేడ్' అని రాసి ఉంది. వచ్చాక చూస్తే మూత గిలకలా ఊగింది, లోపల అచ్చు అతుకు కనిపించింది. అమ్మినవాళ్ళకు రాస్తే 'చేతిపనిలో తేడాలు సహజం' అని జవాబొచ్చింది. అప్పటి నుంచీ లోపలి ఫొటో, అడుగు ఫొటో, మూత తీసి పెట్టిన ఫొటో పంపమని అడగకుండా కొనడం లేదు. పంపనంటే కొనను.

ఇంటికి తెచ్చిన రోజు

గోరువెచ్చని నీళ్ళతో లోపలా బయటా కడగండి. మూత అంచుకు రాపిడి పొడి ఏమైనా మిగిలి ఉంటే వేలితో రుద్దితే పోతుంది. తర్వాత వేడినీళ్ళు నింపి పది నిమిషాలు ఉంచి పారబోయండి. టీ ఆకుతో ఉడకబెట్టాలి, రాత్రంతా నానబెట్టాలి అనే సలహాలు వినిపిస్తాయి. కాలి గట్టిపడిన తొకొనామె మట్టికి అవేమీ అవసరం లేదు. సబ్బు మాత్రం వద్దు. నేను మొదటి వారం గిన్నెల లిక్విడ్‌తో తోమాను. తర్వాత నాలుగు రోజులు సెంచాలో నిమ్మకాయ వాసన.

ఈ మట్టి చేదును తగ్గిస్తుందని గట్టిగా నమ్మేవాళ్ళున్నారు. నా నాలుకకు తెలిసిన తేడా కొంచెమే. నీళ్ళ వేడి, ఊరిన సమయం తెచ్చే తేడా ముందు అది లెక్కలోకి రాదు.

టీ పెట్టడం

ఇద్దరికి సెంచా అనుకుందాం. ఆకు 4 గ్రాములు, అంటే చిన్న చెంచాతో రెండు. నీళ్ళు ఇంచుమించు 180 మిల్లీలీటర్లు.

నీళ్ళను బాగా మరగనిచ్చి, మొదట కప్పుల్లో పోయండి. ఒక పాత్ర నుంచి ఇంకో దానిలోకి మారిన ప్రతిసారీ సుమారు 10 డిగ్రీలు తగ్గుతుంది. మన ఇళ్ళలో వేడి పాలను గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోసి చల్లార్చినట్టే. కప్పుల్లోంచి ఇంకో గిన్నెలోకి, ఆ గిన్నెలోంచి క్యూసులోకి చేరేసరికి 70 దగ్గరికి వస్తుంది. థర్మామీటర్ అక్కర్లేదు, కప్పులు కూడా వెచ్చబడతాయి. సెంచాకు 70 నుంచి 80 డిగ్రీలు బాగుంటుంది. గ్యొకురోకు ఇంకా చల్లార్చి 50, 60 మధ్య, రెండు నిమిషాలు. వేయించిన హోజిచాకు, బియ్యం కలిసిన గెన్‌మైచాకు మరిగే నీళ్ళే పోసేయండి, అర నిమిషం చాలు.

మూత పెట్టి సెంచాను ఒక నిమిషం కదలకుండా ఉంచండి. ఫుకముషి అయితే అందులో సగం సమయం. ఊపకండి, కలపకండి. ఊపితే సన్నపొడి లేచి జల్లెడకు అడ్డం పడుతుంది, చేదూ దిగుతుంది.

పోసేటప్పుడు మొదటి కప్పు నింపి రెండోదానికి వెళ్ళకూడదు. మొదటిదాంట్లో కొంచెం, రెండోదాంట్లో కొంచెం, మళ్ళీ రెండు నుంచి మొదటికి. లేకపోతే ఒకరికి నీళ్ళలాంటి టీ, ఇంకొకరికి కషాయం వస్తుంది. ధార సన్నబడి చుక్కలయ్యాక కూడా వదలకండి. కూజాను పూర్తిగా వంచి ఆగండి. ఆ చివరి చుక్కల్లోనే చిక్కదనమంతా ఉంటుంది, లోపల నీళ్ళు మిగలకపోతేనే రెండో వాయి బాగుంటుంది. పోశాక మూత కాస్త పక్కకు జరిపి ఉంచండి. మూసి ఉంచితే ఆకు ఆవిరికి ఉడికిపోతుంది.

రెండో వాయికి నీళ్ళు ఇంకొంచెం వేడిగా, ఊరడం 10, 15 సెకన్లే. మూడోది మీ ఇష్టం.

జపాన్ నీళ్ళు మెత్తనివి, అంటే సున్నం తక్కువ. హైదరాబాద్‌లో చాలాచోట్ల బోరు నీళ్ళు సున్నం నీళ్ళే. వాటితో సెంచా రంగు మందంగా, రుచి మొద్దుగా వస్తుంది. ఫిల్టర్ నీళ్ళు వాడండి. పాలు, పంచదార, అల్లం, యాలకులు ఈ కూజాలోకి రానివ్వకండి. మన టీకి మన స్టీలు గిన్నే ఉంది.

గ్యొకురో ఆకును మూడో వాయి తర్వాత పారేయకుండా కాస్త సోయా సాస్ వేసుకుని తింటారు జపాన్‌లో. నేను ఉప్పు, నిమ్మరసం పిండుకుని తింటాను. లేత తోటకూర పచ్చిగా తిన్నట్టుంటుంది.

కడగడం, దాచడం

తాగిన వెంటనే ఆకు తీసేయండి. కూజాను బోర్లించి కొమ్ము ఉన్న వైపు అరచేత్తో తడితే, జల్లెడకు పట్టిన ఆకు వదిలి కింద పడుతుంది. స్పూనుతో గోకవద్దు, మట్టి జల్లెడ పలచన. వేడినీళ్ళతో తొలిచి, చిల్లుల్లో ఏమైనా ఇరుక్కుంటే మెత్తని టూత్‌బ్రష్‌తో తీయండి. మూత తీసి పెట్టి పూర్తిగా ఆరాకే అల్మారాలో పెట్టాలి. వానాకాలంలో తడిగా మూత పెట్టి వదిలేస్తే బూజు వాసన పట్టుకుంటుంది, ఆ వాసన వదలడం చాలా కష్టం.

తెల్లటి సున్నపు మరక కడితే చిటికెడు నిమ్మఉప్పు వేడినీళ్ళలో కలిపి కాసేపు ఉంచి, రెండు మూడుసార్లు శుభ్రంగా కడిగితే పోతుంది. డిష్‌వాషర్‌లో మాత్రం పెట్టకండి. మసాలా డబ్బాల పక్కన కూడా పెట్టకండి.

పగిలితే

ఎక్కువగా దెబ్బతినేది కొమ్ము కొస, ఆ తర్వాత మూత. కొమ్ము కొస కొంచెం ఎగిరినా చుక్క జారడం మొదలవుతుంది. జపాన్‌లో ఆ కొసకు మెత్తని ప్లాస్టిక్ గొట్టం తొడిగి అమ్ముతారు. అది రవాణాలో దెబ్బ తగలకుండా పెట్టినది. చాలామంది అలాగే వాడేస్తారు. తీసేయండి, దాని లోపల మురికి చేరుతుంది, కోత పదును పనికిరాకుండా పోతుంది.

పగిలిన ముక్కలను ఉరుషి లక్కతో అతికించి బంగారు పొడి అద్దే పద్ధతి కింత్సుగి. అసలు లక్క గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఇంట్లో చేసుకోమని అమ్మే కిట్లలో చాలావరకు ఎపాక్సీ జిగురే ఉంటుంది. అలా అతికించినదాన్ని అలమారలో పెట్టుకుని చూసుకోవచ్చు, వేడి టీ పోయకూడదు.

మూత పగిలితే ఇంకో మూత దొరకదు. ఎందుకో సారె దగ్గరే చెప్పాను. నా మూడింట్లో ఒకదాని మూత సింకులో పడి మూడు ముక్కలైంది. నాలుగు రోజులు బాధపడి, తర్వాత ఆ కూజానే నీళ్ళు చల్లార్చే గిన్నెగా పెట్టుకున్నాను. కప్పుల్లోంచి దాంట్లోకి, దాంట్లోంచి బాంకో క్యూసులోకి. కొమ్ము మాత్రం ఇప్పటికీ చుక్క జారనివ్వదు.